గాలి పోని మాస్కు

ఆళ్ళగడ్డ బస్టాండు పక్కన ఓబులమ్మ టీ అంగడి, దాన్ని ఆనుకొని మౌలా సాహెబ్ పంచరు అంగడి. రెంటికీ మధ్య గోడ లేదు. ఒకే రేకుల కప్పు, ఒకే బెంచీ. మౌలా సాహెబ్ చేతిలో ట్యూబు ఉన్నంతసేపు నోట్లో కథ ఉంటుంది. ట్యూబు పని అయిపోయినా కథ అయిపోదు. ఆయన కోతలు నమ్మేవాళ్ళు ఆళ్ళగడ్డలో లేరు. వినకుండా లేచిపోయేవాళ్ళు కూడా లేరు.

నమ్మి వెతుక్కుంటూ వచ్చినవాడు ఒక్క అబ్రహామే. ఎనభై ఎనిమిదో సంవత్సరం, అక్టోబరు నెల, మధ్యాహ్నం మూడు గంటల బస్సు దిగి, చంకలో ఒక గుడ్డసంచి పెట్టుకొని వచ్చాడు. నంద్యాల డిపోలో బస్సు డ్రైవరు. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక జీవమ్మ అనే ఆమె చెప్పింది, ఆళ్ళగడ్డలో ఒక సాయిబు నిద్రలో ఊపిరాగే మనిషికి రబ్బరు మాస్కు చేసి బాగుచేశాడట, ఆమె తమ్ముడు చెవులారా విన్నాడట. ఆ మాట విన్నాక అబ్రహాముకు అన్నం దిగలేదు.

అతనిదీ అదే జబ్బు. రాత్రి గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోతుంది. ఉలిక్కిపడి లేస్తాడు, మళ్ళీ పడుకుంటాడు, మళ్ళీ ఆగుతుంది. తెల్లారేసరికి రాత్రంతా మూటలు మోసినవాడిలా ఉంటాడు. ఇక పగలు కూర్చున్న చోటే కునుకు. డ్రైవరు కూర్చునే చోటు ఏదో చెప్పక్కర్లేదు. పోయిన నెల శిరివెళ్ళ దగ్గర బస్సు రోడ్డు దిగి వేరుశనగ చేలోకి పోయి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఆ రోజు నుంచి అతని చేతికి స్టీరింగు ఇవ్వలేదు. డిపోలో బస్సులు కడుగుతున్నాడు.

మద్రాసులో ఒక మిషను ఆసుపత్రి డాక్టరు అతనికి ఒక పెట్టె అరువిచ్చాడు. అది రాత్రంతా గొట్టంలోంచి గాలి ఊదుతుంది. ముక్కుకు మాస్కు తగిలించుకుంటే ఆ గాలి లోపలికి పోయి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. నెలాఖరుకు మాస్కు సరిగ్గా కుదిరితే పెట్టె ఉంచుకోవచ్చు, డాక్టరు కాగితం రాసిస్తాడు, ఆ కాగితం చూపిస్తే డిపోలో మళ్ళీ బస్సు ఇస్తారు. కుదరకపోతే పెట్టె తెచ్చి ఇచ్చేయమన్నాడు, దానికోసం ఇంకొకరు కాచుకొని ఉన్నారు. నెలాఖరుకు ఇంక ఐదు రోజులే ఉంది.

మాస్కు కుదరడం లేదు. అది ఏ దొర ముక్కు కొలతకు చేశారో గానీ, అబ్రహాముది వెడల్పు ముక్కు. పై సందులోంచి గాలి వచ్చి కంట్లో కొడుతుంది. పట్టీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది. భార్య రూతు తలదగ్గర కూర్చొని రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే నిలుస్తుంది. ఆమెకు కునుకు పట్టిందంటే మళ్ళీ మొదటికే వస్తుంది. తను నిద్రపోవడానికి ఆమె నిద్ర మానుకోవడం అబ్రహాముకు బతకడంలా అనిపించడం లేదు.

అందుకే బెంచీ చివర కూర్చొని నేరుగా అడిగాడు.

"అన్నా, నిద్రలో ఊపిరాగే మనిషికి మాస్కు చేసినావంట గదా?"

మౌలా సాహెబ్ తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఒక కథను అడిగి చెప్పించుకున్నవాడు లేడు. అన్నీ ఆయనే ఎత్తుకోవలసి వచ్చేది.

"చేసినా," అన్నాడు చాలా మామూలుగా. "అదేమంత పెద్ద పని గాదులేప్పా. ఒక ట్యూబు ముక్క, సొల్యూషను డబ్బీ, గంట పని. కూర్చో. ఓబులమ్మా, ఈయప్పకు టీ ఇయ్యి."

గొప్పలు పోకుండా చెప్పాడే అని అబ్రహాముకు నమ్మకం ఇంకా పెరిగింది. ఎదురు వరసలో మిషను కుట్టే జిలాని అప్పటికే కత్తెర కింద పెట్టి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అది చూసైనా ఇదొక కోత అని అబ్రహాముకు అర్థం కావలసింది.

"ఆయప్ప ఒక బస్సు డ్రైవరు, నంద్యాల సైడు," మొదలుపెట్టాడు మౌలా సాహెబ్. అబ్రహాము గుండె తేలికైంది. తనలాంటివాడు, అదీ డ్రైవరే, ఇంకొకడు ఉన్నాడన్నమాట. "మనిషి మంచోడు గానీ స్టీరింగు మీదే నిద్ర. శిరివెళ్ళ తావ బస్సు బుడ్డల చేన్లోకి దిగె. దిగింది దిగినట్టు నిలబడిందా అంటే నిలబడలే, మూడెకరాలు దున్నె. రైతు కట్టె తీసుకొని కొట్టడానికి వచ్చినోడు సాళ్ళు చూసి, ఎద్దులు కట్టినా ఇంత సక్కంగా రాలేదే, ఆ పక్క రెండెకరాలు గూడా కానీప్పా అనె. ఆయప్ప నిద్రలోనే కానిచ్చె."

అబ్రహాము చేతిలో టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది. తన బస్సు పట్టుమని మూడు సాళ్ళు కూడా తొక్కలేదు. కానీ శిరివెళ్ళ, వేరుశనగ చేను, ఇవి రెండూ నిజం.

"మద్రాసులో గాలి పెట్టె ఇచ్చినారంట. మాస్కు నిలవదు. ఆయప్ప పెండ్లాము రాత్రంతా రెండు చేతులా నొక్కి పట్టుకుంటాదంట, పాపం. ఆయమ్మకు కునుకు పడితే గాలి పోయె."

ఈ మాట అబ్రహాము లోకంలో ఒక్కరికే చెప్పాడు, తన కండక్టరు శ్రీనివాసులుకు. శ్రీనివాసులు ప్రతి ట్రిప్పులోనూ టీ తాగేది ఇక్కడే, తను మాత్రం బస్సు దిగకుండా కునుకు తీసేవాడు. అంటే తన జబ్బే నంద్యాల నుంచి బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగి, ఈ బెంచీ మీద నయమై, జీవమ్మ నోట తిరిగి తన దగ్గరికే వచ్చింది. నయమైన ఆ డ్రైవరు తనే. అబ్రహాము గుడ్డసంచి దగ్గరికి లాక్కున్నాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ తనకు ఎట్లా నయమైందో వినకుండా పోవడానికి మనసొప్పలేదు.

"ముందు పంచరు యాడుందో తెలియల్ల గదా," అంటున్నాడు మౌలా సాహెబ్. "ట్యూబుకైతే ఏం చేస్తాం? గాలి కొట్టి నీళ్ళలో ముంచుతాం, బుడగ వచ్చిన తావే పంచరు. మాస్కు కట్టి, పెట్టె ఆన్ చేసి, ఆయప్ప మొగాన్ని ఇదో, ఈ తొట్టిలోనే ముంచినా. ముక్కుకు ఈ పక్కన బుడగలు. గుర్తు పెట్టుకున్నా."

"ఎంతసేపు ముంచినావ్ మామా?" అన్నాడు జిలాని.

"అరగంట."

"మరి ఊపిరి?"

"ఊపిరాగడమే గదా ఆయప్ప జబ్బు. అలవాటే."

ఓబులమ్మ టీ వడపోస్తూ తల అడ్డంగా ఊపింది.

"ఇంగ కొలత కావల్ల. మా ఇంటామె పీరాంబీ రొట్టెలకని పిండి పిసికి పెట్టింటే, ఆ ముద్ద తీసుకొని ఆయప్ప మొగం మీద అద్దినా. అచ్చు దిగె. దాని మీద లారీ ట్యూబు పరిచి, సొల్యూషను పూసి, పెనం మీద పెట్టినా. మాస్కు వచ్చె, రొట్టె గూడా వచ్చె. ఆ రొట్టె అచ్చం ఆయప్పే. పిల్లోళ్ళు తినడానికి భయపడినారు. పరాయి మొగోడు గదా అని పీరాంబీ దాని ముందర కొంగు కప్పుకొనె."

"ఎవరు తినిరి మామా కడాకు?"

"నేనే తింటి. బాగుండె. మీసం కాడ కొంచెం మాడింది. ఇంగ మాస్కు పెడితే వెంట్రుక సందు లేదు. తీద్దామంటే రాదు. నలుగురం పట్టి గుంజినాం. మాస్కు వచ్చె గానీ ముక్కు జానెడు సాగె. ఇప్పుడు ఆయప్ప బస్సు దిగితే ముందర ముక్కు దిగుతాది, రవ్వంత ఆగి ఆయప్ప దిగుతాడు."

అబ్రహాము చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

"మళ్ళా పెట్టి, పెట్టె ఆన్ చేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లోపలికి పోతాంది, బయటికి వచ్చే దారి లేదు. కడుపు ఉబ్బె, చేతులు ఉబ్బె, కాళ్ళు ఉబ్బె, మంచంతో సహా లేసె. చేంతాడు వేసి పట్టుకున్నా. తాడు తెగె. ఆయప్ప రుద్రవరం మీదుగా నల్లమల వైపు పాయె. నేనేం చేస్తా, పంచరు డబ్బీ జేబులో వేసుకొని సైకిలు ఎక్కినా. మబ్బుల్లో మనిషి కనపడడు, గురక విని దారి పట్టుకున్నా. ఆ గురకకు అడవిలో పులులు రెండు దినాలు మేతకు రాలే."

"పులులు మేస్తాయా మామా?"

"ఆ రెండు దినాలు ఏం దొరికితే అది తినినాయిలే. మాట మధ్యలో రావద్దు. గాలి తిరిగె. నంద్యాల దాటి గడివేముల మీదికి వచ్చె. బేగా ఒక తాటిచెట్టు ఎక్కి నిలబడినా. చెవి తావ చిన్న వాల్వు పెట్టింటి. మంచం పక్కనుంచి పోతాంటే పిన్ను నొక్కినా. ఉస్సుమని మెల్లగా దిగె. కండ్లు తెరిచి, ఇది ఏ స్టాపప్పా అనె. గడివేముల అంటి. ఇది నా రూటు గాదే అనె."

జిలాని నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. మౌలా సాహెబ్ మొహంలో మాత్రం నవ్వు లేదు. సాక్ష్యం చెప్పేవాడిలా ఉన్నాడు.

"ఆ సంగతి తెలిసి లండను డాక్టర్లు విమానంలో వచ్చినారు. ఈ పక్క జొన్న చేన్లో దిగినారు. దిగేటప్పుడు కంపముండ్లు గుచ్చుకొని విమానం మూడు టైర్లూ పంచరు. వేసిందెవరు?"

"నువ్వే," అంది ఓబులమ్మ, అది కూడా అడగాలా అన్నట్టు.

"నేనే. అంత టైరుకు నా పంపు చాలదు. డ్రైవరును పిలిపించినా. ఆయప్ప కడుపులో మిగిలిన గాలి మూడు టైర్లకూ సరిపాయె. లండనోళ్ళు మాస్కు తీసుకొని పోయినారు. అచ్చు కోసం రొట్టె గూడా అడిగినారు గానీ, నేను తినేసింటి."

"ఆ డ్రైవరు ఇప్పుడు ఎట్లున్నాడన్నా?" అని అడిగాడు అబ్రహాము.

"ఆయప్పకేం. కొత్త మాస్కు చేసిచ్చినా. రాత్రి పదికి పండుకుంటే తెల్లారి ఆరుకే కండ్లు తెరిచేది. పక్కన పెండ్లాము గూడా నిద్రపోతాంది. ఆయమ్మ చేతులకు ఇప్పుడు పనే లేదు. డిపోలో బస్సు గూడా ఇచ్చినారు."

తను ఆకాశంలో ఎగిరినందుకు అబ్రహాముకు ఏమీ అనిపించలేదు. ఈ ఒక్క మాట మాత్రం మనసులో నిలిచిపోయింది. రూతు నిద్రపోతోంది అని ఎవరైనా అనగా విని ఎన్నాళ్ళయిందో. అబద్ధమైనా సరే, ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది.

గ్లాసు కింద పెట్టి, సంచిలోంచి తువ్వాలు తీసి, విప్పి, లోపలున్నదాన్ని బెంచీ మీద పెట్టాడు.

మౌలా సాహెబ్ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "ఇదేందప్పా? ఏ బండి హారనుది ఇది?"

"మాస్కు అన్నా," అన్నాడు అబ్రహాము. "ఆ డ్రైవరును నేనే."

జిలాని అతని ముక్కు వైపు చూశాడు. మామూలు ముక్కే, మీద పుండు మాత్రం ఉంది.

"శ్రీనివాసులు నా కండక్టరు," అన్నాడు అబ్రహాము. అతని మాటలో కోపం లేదు. "నీ కథలో నాకు బాగైంది. ఇంట్లోనే ఇంకా కాలే. ఐదు దినాలుంది, ఆ తర్వాత పెట్టె ఎత్తుకపోతారు."

మౌలా సాహెబ్ నోరు తెరిచాడు. ఇట్లాంటప్పుడు ఆయనకు ఎప్పుడూ ఒక మాట దొరికేది, దాన్ని పట్టుకొని ఇంకో కథలోకి జారుకునేవాడు. ఈసారి జారుకోలేదు. రెండు చేతులూ లుంగీకి తుడుచుకొని, మాస్కు అంచు చుట్టూ బొటనవేలు మెల్లగా తిప్పాడు.

"ఇట్లాంటిది నేను యాడా చూడలేదప్పా," అన్నాడు. "చేతనయితాదో కాదో తెలీదు."

"సరే అన్నా," అన్నాడు అబ్రహాము.

"పండుకో ఈ బెంచీ మీద. కూర్చున్నప్పుడు మొగం ఒక రకం, పండుకుంటే ఒక రకం. పండుకున్న మొగానికి గదా ఇది కుదరాల్సింది."

జిలాని లేచి బెంచీ ఖాళీ చేశాడు. అవతల నంద్యాల బస్సు హారను కొడుతోంది. అబ్రహాము చెప్పులు విడిచి వెల్లకిలా పడుకున్నాడు. మౌలా సాహెబ్ మాస్కు అతని ముక్కు మీద ఆనించి, గొట్టం తగిలించే రంధ్రాన్ని అరచేత్తో మూసి, ఇంకో చేతి వేలు తడి చేసుకొని అంచు పక్కన పెట్టాడు.

"ముక్కుతో ఊపిరి వదలప్పా."

అబ్రహాము వదిలాడు. వేలు అంచు వెంబడి కొంచెం జరిగింది, ఇంకొంచెం జరిగింది, ముక్కుదూలం పక్కన పల్లంలో ఆగింది.

"ఈడ పోతాంది," అన్నాడు మౌలా సాహెబ్. బెంచీ మీద పడుకున్నవాడికి తప్ప ఆ మాట ఇంకెవరికీ వినిపించలేదు.