మైల తీరినాక పోదామని

"అవ్వా, నీకు ఆపరేషన్ ఎందుకు చేసినారు?" అనా? ఎవురు చెప్పినారు మే నీకు? మీయమ్మేనా? సరే, కూకో. నువ్వూ ఆడపిల్లవే, తెలిసుండాల.

నాకు ముట్టు నిల్చిపోయి శానా ఏండ్లయింది. మీ నాయన పెండ్లికి ముందే... కాదు కాదు, మీయమ్మ కాపురానికొచ్చిన ఏడాది. నిల్చిపోయినంక ఎంత సుఖమో తెలుసునా? ఊర్లో ఏ పూజకైనా, ఏ పెండ్లికైనా నన్నే పిలుస్తాండ్రి. అట్లాంటిది, విత్తనానికి శెనక్కాయ వలుస్తాంటే ఒగనాడు చీరెకు మరక. బిత్తరపోతి. ఈ వయసులో ఇదేందప్పా అని ఒగటే సిగ్గు. తినే తట్ట, గ్లాసు వేరే పెట్టుకోని గమ్మున పోయి వసారాలో కూకుంటి.

మీయమ్మ ఆసుపత్రికి పోదాం పా అన్న్యాది. మైలతో డాక్టరమ్మ దగ్గరికి పోయేదేంది, తీరినాక తలకు పోసుకోని పోదాం అంటి. తీరె. పోసుకుంటి. మరక నిల్చిపోయినంక ఇంక పోయి ఏం చూపిచ్చేది? ఇంట్లోనే ఉంటి. మల్లా కనపడె, మల్లా వసారా. చేను పెరికే దాకా ఇదే కత. ఆ యేడు వాన్లు ల్యాక చెట్టుకు నాలుగు కాయలు గూడా ల్యావు, మీ తాత ఆ దిగుల్లో ఉండె. నాకా, నొప్పంటూ ఏమీ ల్యా. నొప్పి ల్యాకుండా రోగమెట్లొస్తాది అనుకుంటిమి.

ఒగనాడు మీయమ్మకు ఒళ్ళు మండిపోయె. నా తట్ట తెచ్చి వంటింట్లో పెట్టి, "ఇది ముట్టు కాదత్తా, ఈ పొద్దు మరకతోనే పోతాండాం" అని బత్తలపల్లెలో బస్సెక్కిచ్చె. అనంతపురంలో డాక్టరమ్మ లోపల్నుంచి ముక్క తీసి టెస్టుకు పంపిచ్చె. మల్లా పోతే, గర్భసంచిలో క్యాన్సర్ ఉండాది పెద్దమ్మా అనె. ముట్టు నిల్చినంక ఒగ చుక్క కనపడినా అది ముట్టు కాదంట, ఆ పొద్దే రావాలంట. అన్ని నెల్లు నేను రోగానికి మైల పట్టినానా మే?

గర్భసంచి, దాని పక్కనుండేవి, అన్నీ తీసేసిరి. తర్వాత కరెంటు పెట్టిరి, రేడియేషనంట. కరెంటంటే షాక్ కొట్టేది కాదులే, మిషన్ కింద పండుకోబెడతారు, అంతే. రోగం సంచి దాటి పోలేదంట. అందుకే నీ ముందర కూకోని మాట్లాడతాండా.

నా పక్క మంచంలో గుమ్మఘట్ట ఊరామె ఉండె. నాకంటే చిన్నది, సగం కన్నడం మాట్లాడేది. ఆమెకు సంచి మూతికాడంట, బాగా ముదిరిపోయింది, కోసేదానికి ల్యాదన్న్యారు. నిన్ను ఎవురు పిల్చుకోనొచ్చినారక్కా అని అడిగె. నా కోడలు అంటి. "మా ఇంట్లో అందరూ మైల తీరనీ అనే అన్న్యారక్కా" అన్న్యాది.

ఆ పొద్దు మీయమ్మ గూడా నా మాటే విని ఉంటే... వద్దులే.

నువ్వు నూరేండ్లు సల్లంగుండు తల్లీ. నీకు ఎప్పుడు ఏమన్నా తేడాగా ఉంటే నాతో చెప్పాల. మైలలో ఉన్న్యా లోపలికొచ్చి చెప్పాల...