ఖాళీ స్టూలు

హలో… ఆఁ, నేనే సార్, మీ శిష్యురాలిని. లాండ్రీలోంచే.

…

వినబడట్లేదా? ఇస్త్రీల ఆవిరి చప్పుడు సార్. ఉండండి, మూటల వెనక్కి వస్తా… ఇప్పుడు?

మీ పుస్తకం కొత్త ముద్రణ అచ్చుకి వెళ్ళిపోయిందా?

… రేపు పొద్దున్నా! హమ్మయ్య.

అబ్బే, హమ్మయ్య అంటే… మూడో అధ్యాయం ఒక్కటి ఆపగలరా సార్?

… తెలుసు. ఖాళీ స్టూలు అధ్యాయమే. మీకు పేరు తెచ్చిందే అది. మానవశాస్త్రం చదివే ప్రతివాళ్ళూ బట్టీ పట్టేదీ అదే. ‘పనిచేసేచోట జనం, తమ మధ్య లేనివాళ్ళ కోసం ఒక చోటు వదిలిపెడతారు.’ నేనూ పట్టాను.

మీరు అప్పుడు ఈ లాండ్రీలో చూసిన ఆ స్టూలు ఇంకా ఉంది సార్! అదే మూల, కిటికీ పక్కన. ముప్పై ఏళ్ళయినా ఎవరూ కూర్చోరు. రోజూ పొద్దున్నే తుడుస్తారు కూడా.

… అప్పుడే సంతోషపడకండి.

నేను… అడిగాను.

… అడగకూడదని తెలుసు సార్. ‘నోరు మూసుకో, కళ్ళు తెరువు’ అన్నారు. నెల రోజులు మూసుకునే ఉన్నా. ఇవాళ దుప్పట్లు మడతపెడుతుంటే నోరు జారింది. ‘ఆ స్టూలు ఎవరి కోసం పెద్దక్కా?’ అనేశా. పెద్దక్కంటే ఇక్కడ ఇస్త్రీవాళ్ళందరికీ పెద్ద. మీరొచ్చినప్పుడు కొత్తగా పనిలో చేరిందట.

… మీ కోసం సార్.

అవును సార్, ఆ స్టూలే.

మీ కోసమే వేశారట. పొద్దస్తమానం నిలబడి రాసుకుంటున్నాడు పాపం, కాళ్ళు పీకేస్తాయని. మీరేమో దాని బొమ్మ గీసుకుని, తగిలితే అపచారమన్నట్టు పక్కకి తప్పుకునేవారట.

… కూర్చోమని ఎందుకనలేదంటే… చెప్పమంటారా?

మీకు కూర్చోడానికి వీల్లేని జబ్బేదో ఉందనుకున్నారట. అడిగితే నొచ్చుకుంటారని ఊరుకున్నారట.

నేను నవ్వట్లేదు సార్! నవ్వేది వీళ్ళు. అక్కా, కాస్త మెల్లగా!

… అదీ అడిగాను. ఆయన వెళ్ళిపోయాకైనా తీసెయ్యొచ్చు కదా అని. ‘మళ్ళీ వస్తానన్నాడమ్మా. వచ్చి ఈసారీ నిలబడాలా?’ అంది.

అంటే సార్… లేనివాళ్ళ కోసమే చోటు వదిలారు. మీరు రాసింది తప్పు కాదు. కాస్త ముందుగా రాసేశారు, అంతే.

… నా పట్టా మీ చేతిలో ఉందని తెలుసు. అయినా చెప్తున్నా. ఒక్క వాక్యం కలపండి సార్, అది ఎవరి కోసమో. ఈవిడకి చదువు రాదు, చదివి వినిపిస్తానని మాటిచ్చేశా.

… అయ్యో, వెక్కిరింత కాదు సార్. ‘ఆర్నెల్లలో నేను ఒక్కసారైనా దాని మీద కూర్చోలేదు’ అని మీరు రాసిన చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

… ఏంటి? పెద్దక్కని అడగాలా? మీరు… అడుగుతున్నారా!

అక్కా! ఆ స్టూలు కూర్చోగానే ఎడమ పక్కకి ఒరిగేది, ఇంకా అలాగే ఉందా అంటున్నారు.

… అలాగే ఉందట సార్. తుడిచినప్పుడల్లా ఒరుగుతుందట, ఒక కాలు పొట్టి. మీరొస్తే కింద అట్టముక్క పెడతానంటోంది.

… ప్రెస్సుకి ఫోన్ చెయ్యాలా? ఇప్పుడేనా? చెయ్యండి, చెయ్యండి, నేను పెట్టే… ఆగండాగండి.

కూర్చోగానే ఒరుగుతుందని మీకెలా తెలుసు సార్?

హలో… సార్?

ఫోన్ పెట్టేశారు పెద్దక్కా.

… కోపమా? ఊహూఁ. నవ్వు వినబడింది. అట్టముక్క వెతకండి.