యాడ్‌ల నడుమ చదివిన నవల

"అమ్మమ్మా, నేను టీవీ పెట్టంగనే నువ్వు లేచి అవతలికి పోతవ్. దాని మీద నీకు గంత కోపం ఎందుకు?"

కోపమా? కోపం కాదు బిడ్డా, యాష్టకొచ్చింది. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో. ముందుగాల జర ఆ సౌండు తగ్గించు. నలుగురు నాలుగు డబ్బాలల్ల కూసొని పొద్దటి సంది ఒకల మీద ఒకలు ఒర్లుతనే ఉన్నరు. ఏం జెప్తున్నరో నీకేమన్న సమజైందా? మీ తాతకు సుత కాలే. అయినట్టు తలకాయ ఊపుతున్నడు, సూడు.

గీ మనిషే ఒకప్పుడు నాకు నవలలు తెచ్చి పెట్టిండంటే నువ్వు నమ్ముతవా? బస్ డిపోల పని గదా, డ్యూటీ దిగినంక నయాపూల్ కాడ కిరాయి పుస్తకాల దుకాణం ఉంటుండె, ఆడ ఆగి ఒక నవల పట్టుకొస్తుండె. దినానికి పావలా. గప్పుడు పావలాకు చాయ్ కూడ వస్తుండె, చాయ్ మానుకొని తెచ్చిన్నని రోజు చెప్తుండె. గాయినకు గిప్పుడు పేపర్ తిరగేసే ఓపిక లేదు.

ఏం చెప్తున్న? ఆఁ, బాలమణి ముచ్చట చెప్పాలె. బాలమణి అంటే మన ఎన్క గల్లీల ముసలామె, నీకు ఎర్కే. గప్పుడు బహదూర్‌పురాల మేం పక్కపక్క అర్రలల్ల కిరాయికుంటుంటిమి. మీ అమ్మ మూడో తరగతి. కాదు, రెండో తరగతి, మూడుకొచ్చినంక బడి మారింది. మేం ఐదుగురం ఆడోళ్లం అగరబత్తీలు చుడ్తుంటిమి. అఫ్జల్‌గంజ్‌ల సేటు దగ్గర పుల్లలు, నల్ల ముద్ద తెచ్చుకునుడు, పీట మీద ఏసి అరచేతితోని చుట్టుడు, ఆరబెట్టి మళ్ల ఆయనకే ఇచ్చుడు. ఎంత కడిగినా చేతులకు ఆ వాసన పోకపోతుండె. అన్నం ముద్దల గూడ అదే వాసన.

ఐదుగురిల ఏడో తరగతి చదివింది నేనొక్కదాన్నే. పని నడుమ జర సందు దొరికితే పుస్తకం తెరుస్తుంటి. ఒకనాడు బాలమణి అన్నది, "సుశీలక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్. జర పైకి చదువరాదు, మేం గూడ ఇంటం."

"పైకి చదివితే నా బత్తీలు ఎవలు చుట్టాలె?"

"నీ వాటా మేం నలుగురం పంచుకుంటం. నువ్వు చదువు."

గట్ల షురువైంది. వాళ్లు చుట్టుడు, నేను చదువుడు. మా అత్తమ్మకు మస్తు కోపం, పని జెయ్యకుండ పంతులమ్మ లెక్క కూసున్నదని. గానీ రెండు దినాలైనంక ఆమె గూడ గడప కాడ పీటేసుకొని ఎల్లిపాయలు ఒలుచుకుంట ఇనుడు మొదలువెట్టింది. నేను గొంతు తగ్గిస్తే, "ఏం చదువుతున్నవే, ఇనవడ్తలేదు" అని కసురుతుండె.

అయితే ఇను బిడ్డా, అసలు మజా చదువుట్ల లేకుండె. నేను ఆపినంక ఉంటుండె. ఒక నవలల ఒకామె మొగని మీద అలిగి, పసిపిల్లను పండవెట్టి ఇల్లిడ్శి ఎల్లిపోతది. గాడ ఆపి నీళ్లు తాగుతున్న. ఇగ లొల్లి. పిల్లను ఇడ్శిపెట్టి ఏ తల్లన్న పోతదా అని ఒకామె, కొడ్తే పోక ఏం జేస్తదని ఇంకొకామె. బాలమణి తల ఎత్తకుండ బత్తీ చుట్టుకుంట మెల్లగ అన్నది, "పోతది. నేను పోయిన ఒక్కపారి. అఫ్జల్‌గంజ్ బస్సుల అడ్డా దాక పోయి, బస్సు ఎక్కి కూసున్న. పిల్లగానికి పాల యాల్లైతదని యాదికొచ్చి దిగిన."

ఆరేండ్ల సంది గోడకు గోడ ఆనుకొని ఉన్నం, నాకే తెల్వది. గా నవల చదవకపోతే చెప్పకపోతుండె. గది చెప్తున్న నీకు. పుస్తకం ఆపితే మనిషి నోరు తెరుస్తది. టీవీ ఎన్నడన్న ఆగుతదా?

పదేండ్లైనంక మూలమీది ఇంట్లకు కలర్ టీవీ వచ్చింది. నలుగురు పీటలెత్తుకొని ఆడికే పోయిన్రు. నేను గూడ పోయిన, పోలేదని ఎట్లంట? ఒక వారం కూసున్న. తెర మీద ఆమె ఏడుస్తె వీళ్లు ఏడుస్తరు, ఇంతల సబ్బుల యాడ్ వస్తది, కండ్లు తుడుసుకొని ఆ సబ్బు మంచిదా ఈ సబ్బు మంచిదా అంటరు. ఒక్కలు ఒక్క ముచ్చట చెప్పుకోలే. నా పానం ఆగలే. పుస్తకం సగంల ఉన్నది, రమ్మని బాలమణిని పిలిచిన.

"ఈడ మనిషి మొఖం కనవడ్తది అక్కా. నీ పుస్తకంల ఏం కనవడ్తది?" అన్నది.

నేను ఊకోవాలె గదా. అందరి ముంగట అన్న, "నీకెట్ల కనవడ్తది తియ్, అక్షరం ముక్క రానిదానికి."

ఆమె తెర దిక్కే చూసింది. గంతే, రెండేండ్లు మాటల్లేవు. నల్లా కాడ ఎదురువడ్డా బిందె ఎత్తుకొని పోతుండె. తప్పు నాదే అని నాకెర్కే. పోయి చెప్పుడే రాలే. పుస్తకాలు ఒక్కదాన్నే చదువుకున్న, నా బత్తీలు నేనే చుట్టుకున్న. మంచిగనిపియ్యలే బిడ్డా. చదివింది చెప్పుకోనీకి మనిషి లేకపాయె.

ఒకనాడు గదే నల్లా కాడ పాకురు మీద కాలు జారి బాలమణి పడ్డది. తొడ బొక్క ఇరిగింది. సర్కారు దవాఖానల కాలుకు బరువు కట్టి పండవెట్టిన్రు, నెలన్నర కదలద్దన్నరు. మూడు దినాలు ఆగిన, పోవాల్నా వద్దా అని. నాలుగోనాడు సంచిల టిఫిన్ డబ్బా, ఒక నవల పెట్టుకొని పోయిన. నన్ను చూసి గోడ దిక్కు మొఖం తిప్పింది. డబ్బా బల్ల మీద పెట్టిన.

"గా దినం నేనన్నది తప్పు బాలమణి. అనకుండ ఉండాల్సింది" అన్న.

మళ్ల సంచి దిక్కు చూసి, "తెచ్చినవా?" అన్నది.

"ఏంది, అన్నమా?"

"అన్నం గాదు."

తీసి చదివిన. పక్క మంచంల ముసలామె జర గట్టిగ చదువమన్నది. ఆమె పక్కన బురఖా ఆమెకు తెలుగు అంత రాదు, ఆమెకు ఉర్దూల చెప్పేటందుకు ఇంకొకామె తయారైంది. నర్సమ్మ సూది ఇయ్యనీకి వచ్చి, "నవలల ఆ పిల్ల దొరికిందా?" అని అడిగి పోయేది. నెలన్నర దాక రోజు పోయిన. నాలుగు నవలలు అయినయి. మా బాలమణి మళ్ల నాకొచ్చిందనుకున్న.

ఇగ ఇంటికొచ్చినంక ఏం జేసిందనుకున్నవ్? కొడుకు టీవీ కొన్నడు, మంచం దాని ముంగట ఏయించుకున్నది. నాకు ఎంత మండింది అంటే, చెప్పులు తొడుక్కొని ఎల్లిపోతున్న. చెయ్యి పట్టుకొని కూసుండవెట్టింది. "అక్కా, యాడ్‌లు వచ్చినప్పుడు సౌండు తీస్త, గప్పుడు చదువు" అన్నది.

యాడ్‌ల నడుమ నవల చదివినోళ్లను ఎక్కడన్న చూసినవా? నేను చదివిన. ఇరవై ఏండ్లకు పైన. వాక్యం సగంల ఉంటది, "ఆగక్కా, సీరియల్ వచ్చింది" అంటది. రాంగ రాంగ తెర మీది కోడలు ఎవలో, పుస్తకంల కోడలు ఎవలో నాకే కలిసిపోతుండె. తిట్టుకుంటనే పోయిన రోజు. ఆ ఆగిన జరసేపట్ల ఏదో ఒకటి చెప్తుండె గదా ఆమె. మొగడు పోయిన దినం ముచ్చట చెప్పింది, కోడలితోని పడ్తలేదని చెప్పింది. నేను గూడ ఎవలికి చెప్పనియి ఆమెకు చెప్పుకున్న.

గిప్పుడు గా టీవీ సుత చూస్తలేదు. మనుమడు ఫోన్ ఇచ్చిండు. నిమిషానికొక బొమ్మ, వేలుతోని జరుపుతనే ఉంటది. యాడ్ సందు గూడ లేదు నాకు. మొన్న పుస్తకం పట్టుకొని పోయి గంట కూసున్న, తల ఎత్తి చూడలే. ఫోన్ గుంజుకొని నా దిండు కింద... ఆమె దిండు కింద పెట్టిన. తిట్టింది. జరసేపు తిట్టినంక, "ఇగ చదువు మరి, చూస్తున్నవేంది" అన్నది.

గంతే బిడ్డా. నువ్వు పుస్తకమే చదువుతవో, ఫోనే చూస్తవో, నీ ఇష్టం, నా మాట ఎట్లా ఇనవు. నీ పక్కన మాత్రం గట్ల తిట్టుకుంటనన్న ఇనే మనిషి ఒక్కతి ఉండాలె. సల్లగుండు.