ఎలుక కొరికిన తీగ

1946. గద్వాలలో ఆ చీరల వ్యాపారి ఇంట్లో ఒకప్పుడు మగ్గం ఉన్న చోటే ఇప్పుడు టెలిఫోన్ ఉంది. దుకాణానికి పోయే దాని తీగను ఎలుక కొరికింది. మగ్గం మీద పడుగు పోగులు అతికే రోజుల్లోలాగే అతను వేళ్లకు బూడిద రాసుకుని తెగిన కొసలకు పురి పెడుతుంటే, భార్య ఎదురుగా కూర్చుని తీగ పట్టుకుంది.

“బూడిదెందుకయ్యా? ఇదేమన్న పడుగా?”

“తీగ పైన అల్లింది నూలే గద! చూడు, అతుకు కనవడుతుందా?”

“కనవడ్తలేదు. పెండ్లైన కొత్తల గిట్లనే ఎదురెదురు కూసుంటుంటిమి. పొద్దుగూకినా నీ ముచ్చట్లు ఒడవకపోతుండె.”

“నువ్వు నవ్వి నవ్వి పోగులు తెంపుతుంటివి. సరే, ఫోనెత్తు.”

“చప్పుడే లేదు.”

“అరె! పైన నూలు అతికిన గని, లోపలి రాగితీగ అతకనే లేదు!”

“ఇన్నేండ్లయినా నీ చేతికి నూలు తప్ప ఇంకోటి తెల్వదు.”

“జర పట్టుకో, మల్ల ఇప్పుత. దుకాణంల పరేషాన్ అయితుంటరు.”

“కానియ్యి. ఈ ఫోను వచ్చినకాడి నుంచి ఇంటికి నీ మాటొస్తుంది, నువ్వు వస్తలేవు.”

అతను తీగను ఒళ్లోకి తీసుకుని, సర్దుకుని కూర్చున్నాడు.

“ఆ బూడిద ఇటు జరుపు. నిదానంగనే అతుకుదాం.”

రాగికి బూడిదెందుకని అడగబోయి, ఆమె ఊరుకుంది. బూడిద చిప్పను అతని ముందుకు జరిపింది.