ఎడంచేతి ముడి

బాతుకి పేరేంటని అడుగుతారేంటండి డాక్టరమ్మగారూ, దానికేమన్నా రేషన్ కార్డుందా? నా పేరే రాసుకోండి. నూకరత్నం, కొవ్వూరు, మార్కెట్లో చేపలమ్ముతాను. బయట బల్ల మీద తలొంచుకు కూర్చున్నాడే, ఆయన మాత్రం దీన్ని చిన్నీ అంటాడు. మా ఆయనేలెండి. లోపలికి రాడు. సూది చూస్తే కళ్ళు తిరుగుతాయంట. ముప్పై ఏళ్ళు గోదారి మీద వలేసిన మనిషి.

చెయ్యి జాగ్రత్తండి, పొడుస్తుంది.

మీ అటెండరు నవ్వుతున్నాడు, నవ్వనివ్వండి. దీన్ని చేపల బుట్టలో పెట్టుకుని నడిచొస్తుంటే రోడ్డంతా నవ్వింది.

పదిహేను రోజులైందండి కుడికాలు మోపి. ఒంటికాలి మీద నిలబడబోయి బోర్లా పడుతుంది. ఇక ఈయనగారి సేవ చూడాలి. పొద్దున్నే టబ్బులో నీళ్ళు పోసి, పొట్ట కింద చెయ్యి పెట్టి ఈదిస్తాడు. ఒకవైపే పడుకుంటే పుండు పడుతుందని గంటకోసారి ఇటు నుంచి అటు తిప్పుతాడు. నా చీర చింపి దానికి పక్క కుట్టాడు. నన్నడిగాడా అంటే లేదు.

నాకు కడుపు ఆపరేషనైనప్పుడు ఈ మనిషి గ్లాసుడు మంచినీళ్ళు అందివ్వలేదు. "ఇంటికెప్పుడొస్తావ్, కూరెవరు వండుతారు" అని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఇప్పుడు బాతుకి నత్తలేరుకొచ్చి, గుల్ల పగలగొట్టి, కండ నోట్లో పెడతాడు.

మా తోటికోడలు లోవలక్ష్మేమో "వండెయ్ అక్కా, రెండు పూటలొస్తుంది" అంటుంది. కోసే ధైర్యం దానికీ లేదు, తినే ఆశ మాత్రం ఉంది.

ఎలా తగిలిందంటారా? అదీ ఈయనగారి నిర్వాకమేనండి. సైకిలు బుట్టలో పెట్టుకుని రేవుకి తీసుకెళ్ళి, దింపేటప్పుడు జారవిడిచాడు. మర్నాడు రామచంద్రపురంలో పెళ్ళికెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చేసరికి కాలు వాచిపోయి ఉంది. అప్పట్నుంచి నా వల్లే, నా వల్లే అని ఒకటే గొణుగుడు. నేనేమన్నా ఎదురు చెప్పట్లేదు. కూరలో ఉప్పెక్కువైనా మాట్లాడకుండా తినేస్తున్నాడు. నాకు హాయిగానే ఉందండి, అబద్ధమెందుకు.

ఎముక విరగలేదా? మరి కాలెందుకు తీసేయాలంటారు?

ఆ పటకారుతో లాగుతున్నదేంటండి.

వల దారమండి అది.

ముడితో సహా ఉంది కదా. మొత్తం కోసి తీసేశాననే అనుకున్నాను. వాపులో కూరుకుపోయినట్టుంది.

ఆయన ఆ పెళ్ళికెళ్ళిన రోజు, ఆరబెట్టిన చేపల మీదకెక్కి పాడు చేస్తోందని దీన్ని వల దారంతో అరుగు స్తంభానికి కట్టేసి మార్కెట్టుకెళ్ళాను. మామూలు ముడి వేసుంటే పోయేది. మా చేతులకి మామూలు ముడి రాదండి. ఊహ తెలిసినప్పట్నుంచి పడవకైనా వలకైనా వేసేది ఒకటే ముడి, లాగేకొద్దీ బిగుస్తుంది. ఇది రోజంతా లాగింది. నేనొచ్చేసరికి కాలు నల్లబడింది. దారం కోసి పొయ్యిలో పడేశాను. ఆయనొచ్చి చూసి, "నిన్న నేను జారవిడిచాను కదా, అందుకే" అన్నాడు. నేను కాదనలేదు.

మొదటి రోజే చెప్పుంటే కాలు దక్కేదంటారా. అది మీరు చెప్పక్కర్లేదండి.

ఆ దారం చెత్తబుట్టలో పడేయండి. కాలు తీయడానికి సంతకం కావాలంటే నేను చేస్తాను. ఆయన్ని మాత్రం పిలవొద్దు. ముడి చూశాడంటే ఎవరేశారో చెప్పేస్తాడు. మా ఇంట్లో ఎడంచేత్తో ముడేసేది నేనొక్కదాన్నే. పెళ్ళైన కొత్తలో నేనల్లిన వల పట్టుకెళ్ళి రేవులో అందరికీ చూపించాడు, "చూడండ్రా, మా ఆవిడ ముళ్ళు తిరగేసి వేస్తుంది" అని. ఏదో ఘనకార్యంలా మురిసిపోయాడు, వెర్రి మనిషి.

బాతు ఆయనదే కదా, ఆయనకి తెలియాలి కదా అంటారు. అవునండి, ఆయనదే. ఇన్నాళ్ళలో నేను దీన్ని చేత్తో ఎత్తుకున్నది ఇవాళే. ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.

సరే, పిలవండమ్మా. ఆ దారం బల్ల మీదే ఉండనివ్వండి. నోటితో చెప్పడం నా వల్ల కాదు.