ఒక స్టేజీ ఎక్కువ

నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. వయసు నలభై మూడు. సిటీ బస్సు డ్రైవరుగా పని చేస్తున్నాను. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు. ఈరోజు నన్ను ఎవరూ బెదిరించి తీసుకురాలేదు. సమన్లు అందాయి, వచ్చాను. చూసింది చెబుతాను, చూడనిది చెప్పను.

చనిపోయినామె మా బస్సు కండక్టరు. నాకంటే పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. రక్తసంబంధం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద డ్యూటీ చేశాం, అంతే. ఆమె విజిల్ వేసే తీరును బట్టి వెనక ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయేది. ముసలివాళ్ళు ఎక్కుతుంటే విజిల్ ఆలస్యంగా వచ్చేది. వాళ్ళు కూర్చునేదాకా వేసేది కాదు.

గొడవంతా టికెట్ మిషన్‌తో మొదలైంది. పోయిన నెల ఛార్జీలు మారినప్పుడు కొత్త పట్టిక మిషన్లలో ఎక్కించారు. అప్పటి నుంచి ఆసుపత్రి స్టాపులో ఎక్కినవాళ్ళకు మిషన్ ఒక స్టేజీ ఎక్కువ లెక్కేస్తోంది. వచ్చేటప్పుడు సరిగ్గానే చూపిస్తుంది. పోయేటప్పుడే ఎక్కువ. అంటే పొద్దున ఒక రేటుకు ఆసుపత్రికి వచ్చిన మనిషి మధ్యాహ్నం ఇంకో రేటుకు ఇంటికి పోవాలి. అక్కడ ఎక్కేవాళ్ళ చేతుల్లో మందుల సంచీలు, ఎక్స్‌రే కవర్లు ఉంటాయి. వాళ్ళకు పై ఆఫీసు కనిపించదు, అక్క కనిపిస్తుంది. కండక్టరే మింగేస్తోందని ఒకావిడ అందరి ముందూ అనేసింది.

అక్క ఆ మిషన్‌కు అత్తగారని పేరు పెట్టింది. అత్తగారు ఎంతంటే అంతేనమ్మా, నాదేముంది అని నవ్వించి గొడవ చల్లార్చేది. డిపోలో అక్క ఈ సంగతి చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. పట్టిక పై ఆఫీసులోనే మార్చాలని, అప్పటిదాకా మిషన్ ఎంత చూపిస్తే అంత తీసుకోవాలని మా డిపో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గారు అన్నారు.

అక్క ఒక దారి కనిపెట్టింది. ఆసుపత్రి తర్వాతి స్టాపు కూడా అదే స్టేజీ కిందికి వస్తుంది. అక్కడ ఎక్కినట్టు టికెట్ కొడితే మిషన్ సరైన ఛార్జీ చూపిస్తుంది. అందుకని ఆసుపత్రి దగ్గర ఎక్కినవాళ్ళను కూర్చోబెట్టి, తర్వాతి స్టాపు వచ్చాక టికెట్లు కొట్టేది. ఇలా కొన్నాళ్ళు గొడవ లేకుండా నడిచింది. ఒకరోజు ఆ రెండు స్టాపుల మధ్యే చెకింగ్ వాళ్ళు బస్సు ఆపారు. కొందరి దగ్గర టికెట్లు లేవు. అక్క చెప్పింది వాళ్ళు విన్నారు, తల కూడా ఊపారు. ఊపి, మెమో చేతిలో పెట్టారు. ఇంకోసారి దొరికితే సస్పెన్షన్ అన్నారు.

ఆరోజు చివరి స్టాపులో ఇద్దరం టీ తాగాం. నన్నడిగితే బస్సులు ఉచితంగానే నడపాలి తమ్ముడూ అంది అక్క. డీజిలు ఊరికే రాదక్కా, మన జీతాలూ ఊరికే రావు అన్నాను. వీధి దీపం కింద నడిచేవాడికి టికెట్ కొడుతున్నారా అని అడిగింది. టికెట్లే లేకపోతే నీ ఉద్యోగం ఏమవుతుందని అడిగాను.

"టికెట్ కొట్టడం ఒక్కటే నా పనంటావా? ఎక్కలేనివాళ్ళకి చెయ్యందించేదెవరు? నిద్రపోయేవాళ్ళని వాళ్ళ స్టాపులో లేపేదెవరు?" అంది.

నేను ఒప్పుకోలేదు. ఉచితమైతే బస్సులు సంతలా తయారవుతాయని వాదించాను. ఇప్పటికీ ఆ విషయంలో నా మనసు అటూ ఇటూగానే ఉంది.

ఇక ఆ గురువారం సంగతి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతం. ఆసుపత్రి స్టాపులో ఇప్పుడు ముద్దాయిగా ఉన్న మనిషి, ఆయన భార్య ఎక్కారు. చొక్కా మీద రంగు మరకలున్నాయి. ఇళ్ళకు రంగులు వేస్తాడని తర్వాత తెలిసింది. భార్య మడిచిన తువ్వాలును పొట్టకు అదిమి పట్టుకుని నడుస్తోంది. అక్క ఆమెకు సీటు ఇప్పించింది. విజిల్ ఆలస్యంగానే వేసింది.

మెమో వచ్చినప్పటి నుంచి అక్క మిషన్ చూపించినంతే తీసుకుంటోంది. ఛార్జీ చెప్పగానే ఆయన గొంతు పెంచాడు. పోయిన వారం ఇదే దారిలో ఇంతకంటే తక్కువే ఇచ్చి వచ్చామని, ఆసుపత్రిలో అందరూ గుంజగా మిగిలింది ఇదేనని అన్నాడు. అక్క ఆరోజు నవ్వించలేదు. మిషన్ తప్పేనండీ, నాకు తెలుసు అని మాత్రం అంది. తప్పని తెలిసి ఎలా అడుగుతావని ఆయన అన్నాడు. బస్సంతా అందుకుంది. అసలు బస్సులే ఉచితం చెయ్యాలని ఒకరు, అప్పుడు జనం పన్నులు కట్టి చావాలని ఇంకొకరు. అక్క మాట ఎవరికీ వినిపించలేదు.

అప్పటికి బస్సు వంతెన ఎక్కింది. ఆయన భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. దిగిపోతాం, ఆపండి అని అరిచాడు. వంతెన మీద బస్సు ఆపకూడదు, నేను ఆపలేదు. వాళ్ళు వెనక ఫుట్‌బోర్డు దగ్గరికి వచ్చేశారు. మా బస్సులో ఆ గుమ్మానికి మూసే తలుపు లేదు. ఎడమ అద్దంలో ఆ ఫుట్‌బోర్డు నాకు బాగా కనిపిస్తుంది. అక్క వాళ్ళను దాటుకుని వచ్చి, వీపు రోడ్డు వైపు పెట్టి, దారికి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ దింపను. ఆవిడకి కుట్లున్నాయి. ఛార్జీ సంగతి తర్వాత చూద్దాం, వెళ్ళి కూర్చోండి" అంది.

ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. బస్సులో అందరూ అప్పుడే నోరు మూశారు.

భార్య తూలింది. అక్క కడ్డీ వదిలేసి రెండు చేతులతో ఆమెను పట్టుకుంది. పట్టుకుని లోపలికి, భర్త వైపు నెట్టింది. సరిగ్గా అప్పుడే నా ముందుకు ఒక సైకిలు అడ్డం వచ్చింది. నేను బ్రేకు వేశాను. వెయ్యకపోతే ఆ సైకిలు మనిషి చక్రం కింద ఉండేవాడు. బ్రేకు వేశాక బస్సు ముందుకు ఊగి వెనక్కి పడింది. అక్క చేతికి పట్టు లేదు.

మీరు మళ్ళీ అడిగారు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. ఆయన తోయలేదు. ఆయన చెయ్యి ముందుకు రావడం నేను చూశాను. తోయడానికి రాలేదు, పట్టుకోవడానికి వచ్చింది. అక్క మెడలో వేసుకున్న మిషన్ పట్టీ ఆయన చేతికి దొరికింది. పట్టీ తెగింది. మిషన్ ఆయన చేతిలో ఉండిపోయింది, అక్క రోడ్డు మీద పడింది. వెనక్కి తిరిగి చూసిన వాళ్ళకు మిషన్ పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు. లాక్కుని తోశాడనుకున్నారు. కొట్టారు. ఆయన అడ్డు చెప్పలేదు. మిషన్ కింద పెట్టను కూడా పెట్టలేదు.

ఆంబులెన్సు కోసం ఆగలేదు. అక్కను బస్సులోనే పొడుగు సీటు మీద పడుకోబెట్టాం. వంతెన దిగి, బస్సు తిప్పి, ఆసుపత్రికే తోలాను. ఆ రంగుల మనిషి భార్య నేల మీద కూర్చుని అక్క తల పట్టుకుంది. నేను హారన్ మీద చెయ్యి తియ్యకుండా తోలుతున్నాను. అక్క ఏదో అంటోందని వెనక నుంచి పిలిచారు. ఏమంటోందని అడిగాను.

"మెల్లగా పొమ్మంటోంది. నాకు కుట్లున్నాయంట" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

నేను మెల్లగా పోలేదు. చీకటి పడకముందే అక్క చనిపోయింది.

మూడో రోజు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గారు మా ఇంటికి వచ్చారు. బ్రేకు మాట ఎత్తవద్దని, మిషన్ ఊసు అసలే వద్దని అన్నారు. తోశాడని చెబితే డ్యూటీలో దాడి కింద వస్తుందని, అక్క కుటుంబానికి పరిహారం బాగా అందుతుందని, నాకూ ఇబ్బంది ఉండదని అన్నారు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. మా ఇంట్లో కూర్చుని ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఇక్కడికి వచ్చే ముందు అక్క భర్త దగ్గరికి వెళ్ళాను. నాకు బావగారు. కోర్టులో ఏం చెప్పబోతున్నానో ముందు ఆయనకు చెప్పాలనిపించింది. ఆయన వంటగది గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నారు. అక్క ఖాకీ చొక్కా ఉతికి తాడు మీద ఆరేశారు. నేను మొత్తం చెప్పాను. సైకిలు సంగతి, బ్రేకు సంగతి, పట్టీ తెగిన సంగతి. పరిహారం తగ్గవచ్చని కూడా చెప్పాను. బియ్యంలో ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

చివరికి, "వాడు తోశాడనుకుంటేనే రాత్రుళ్ళు కాస్త కన్ను మూతపడుతోంది. అదీ లేదంటే నేనెవర్ని తిట్టుకోవాలి?" అన్నారు.

బ్రేకు వేసింది నేనే, నన్ను తిట్టండి బావగారూ అన్నాను.

ఆయన చేట పక్కన పెట్టి, "నిన్ను తిడితే మీ అక్క ఊరుకోదు" అన్నారు.

నేను చెప్పింది ఇంతే. రాసినది నాకు చదివి వినిపించారు. నా మాటలు నా మాటలుగానే ఉన్నాయి. ఇందులో అబద్ధం లేదు, దాచింది లేదు. విన్నాక కింద సంతకం పెట్టాను.

(సంతకం)
బస్సు డ్రైవరు

నా ఎదుట చెప్పగా నమోదు చేసి, చదివి వినిపించి, సరేనన్నాక సంతకం తీసుకున్నాను.
మేజిస్ట్రేటు