కొక్కెం కింద నిలిచేవాడి పక్షాన

1989 జూలై మూడవ తేదీన విశాఖ రేవు చెంతనున్న మా క్రేన్ల మరమ్మతు షెడ్డులో హెల్పరుగా చేరిన శ్రీ నజీర్ అహ్మద్ గారు, ముప్పైఏడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, చీఫ్ సూపర్‌వైజరుగా ఈ నెల పదవీ విరమణ చేస్తున్నారు. వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసే తండ్రి వద్ద అబ్బిన ఓర్పు వారిని ఒక్కొక్క మెట్టే పైకెక్కించింది.

షెడ్డుకు కంప్యూటరు వచ్చిన కొత్తలో, దేశదేశాల మెకానిక్కులు సందేహాలు తీర్చుకునే ఆన్‌లైన్ వేదికను మాకు చూపినవారు వారే. అందులో ఎవరో ధీమాగా రాసిన సలహా నమ్మి 2011లో మోటారు కాల్చుకున్నదీ వారే! దాచుకోవడం మాట అటుంచి, ‘నేనిలా చేసి పొరబడ్డాను, మీరు చేయకండి’ అని తమ పేరుతోనే అక్కడ రాశారు. నాటినుంచి వారు సలహాలు చదివే తీరే మారిపోయింది.

ఆ తీరు విలువ రెండేళ్ల క్రితం తెలిసివచ్చింది. ఓడ నుంచి సరుకు దించుతున్న క్రేన్, బరువు మించిందంటూ మాటిమాటికీ ఆగిపోసాగింది. కొక్కెం కింద సరుకు అందుకునే కార్మికుడు సూరన్న ఎదురుచూస్తున్నాడు, పైవారి నుంచి ఫోన్లు మోగుతున్నాయి. బరువు కొలిచే సెన్సరును తప్పించి నడిపితే చాలన్న సలహాను జూనియర్ ఇంజినీరు జ్యోతిర్మయి గారు ఆ వేదికలో పట్టుకున్నారు.

“నాలుగొందల మంది లైక్ కొట్టారు సార్!”

“నాలుగొందల మందీ ఇళ్లల్లో కూకున్నారు బేటీ. కొక్కెం కింద నిల్చున్నది మన సూరన్నొక్కడే. ఆ రాసినోడు సూరన్న పక్కన నిలబడతాడేటి?”

అడుగున, మూడే లైకులున్న మరొక జవాబు వారి కంటబడింది. ఆ రాసినాయన ముందు ‘పైన తాడు నడిచే చక్రం, కప్పీ, తిరుగుతోందా, చూశారా?’ అని అడిగాడు. తాను మొదట ఎక్కడ పొరబడ్డాడో చెప్పాడు. నెల తర్వాత తిరిగొచ్చి ఏమైందో రాశాడు. నజీర్ గారు అతణ్ణే నమ్మి క్రేన్ ఆపించారు. పైకెక్కి చూస్తే కప్పీ బిగుసుకుపోయి, ఇనుప తాడు సగానికి కోసుకుపోయి ఉంది. తిరగని కప్పీ మీద ఈడ్చుకుంటూ తాడుపై భారం నిజంగానే మించింది, సెన్సరు చెప్పింది అక్షరాలా నిజం!

సూరన్న తల పైకెత్తి ఆ తాడుకేసి చూసి చేతులు జోడించాడు. “ఆ బాబెవుడో గానీ, ఆడికి నా దండమెట్టండి బాబూ!”

“దండమొక్కటే సాలదు. ఏటైందో ఆయనకి రాయాల, రేపు ఇంకోడికి పనికొత్తది,” అంటూ నజీర్ గారు జ్యోతిర్మయి గారి చేత ఆ క్షణమే రాయించారు. ఓడ అయిదు గంటలు ఆలస్యమైంది. వారు చీవాట్లు తిన్నారు, సూరన్న కోసం ఆపానని మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు.

సతీమణి శ్రీమతి మెహరున్నీసా గారితో కలిసి వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. సార్, మేము సలహాలు అడగడం మానము, ఏమైందో తిరిగొచ్చి చెప్పడమూ మానము. సభలో మీకు శాలువా ఎవరు కప్పాలన్నదానిపై షెడ్డులో చర్చే జరగలేదు. సూరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాడు.